వ్యాగన్ మీద ఉన్న రాత లారీకి ఎందుకు లేదు?

తాండూరు స్టేషన్లో ఆగిన గూడ్స్ రైలును దగ్గర నుంచి చూస్తే, ప్రతి వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసిన అంకెలూ అక్షరాలూ కనిపిస్తాయి. ఆ వ్యాగన్‌ను చివరిసారి ఏ వర్క్‌షాపులో పూర్తిగా విప్పి బాగుచేశారు, అది ఏ తేదీన జరిగింది, మళ్లీ ఎప్పటిలోగా వర్క్‌షాపుకు రావాలి అన్న సంగతులు అందులో ఉంటాయి. విజయవాడ దగ్గర రాయనపాడులో ఇందుకోసమే రైల్వేకు ఒక వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. అక్కడ చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు విప్పి, చూసి, తిరిగి కట్టి పంపుతారు. అదే స్టేషన్ బయట రోడ్డు మీద నాపరాయి నింపుకుని ఒక లారీ వెళ్తుంటుంది. దాని వెనక కమాన్ పట్టీలు ఎప్పుడు విప్పారో, ఎవరు బిగించారో, ఏ పట్టీ మార్చారో, కంపెనీ ఇచ్చినవి ఎన్ని, ఇప్పుడు ఉన్నవి ఎన్నో చెప్పే రాత ఆ బండి మీదా ఉండదు, బండి కాగితాల్లోనూ ఉండదు. పట్టాల మీద తన దారిన పోయే వ్యాగన్‌కు ఉన్న ఈ చిన్న రాత, బస్సుల పక్కన, స్కూటర్ల పక్కన, బడి పిల్లల పక్కన పోయే లారీకి లేకపోవడం పెద్ద లోటు. లారీ వెనక కమాన్ పట్టీలు విప్పి బిగించిన ప్రతిసారీ, చేసిన పనీ చేసిన మనిషి పేరూ కాగితం మీదికి రావాలి. వికారాబాద్ జిల్లా ఈ పనికి ముందు నడవాలి.

ఈ జిల్లానే ఎందుకంటే, ఇక్కడి బతుకు బరువు మీద నడుస్తుంది. తాండూరు చుట్టూ భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉంది. ఆ పొరల నుంచే నాపరాళ్లు, ఆ రాళ్ల మీదే పాలిషింగ్ యూనిట్లు. సిమెంటుకూ అదే రాయి మూలం. కరన్‌కోట్‌లో ప్రభుత్వ రంగ సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు సిమెంట్ ప్లాంట్లు ఉన్నాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది కూడా లారీల్లోనే మార్కెట్లకు వెళ్తుంది. ఈ సరుకు వికారాబాద్ మీదుగానో, పరిగి, మన్నెగూడ మీదుగానో హైదరాబాద్ చేరుతుంది, లేదంటే కర్ణాటక వైపు సాగుతుంది. ఇన్ని టన్నులు మోసే బండ్లకు ముందుగా అలిసిపోయేది వెనక ఇరుసు మీది కమాను. కమాను అంటే విల్లు. ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచిన ఆ కట్టే బరువునంతా మోస్తుంది. గుంతలో దెబ్బను అదే తింటుంది, ఇరుసును చాసిస్ కింద తన చోట నిలబెట్టేదీ అదే. అందుకే పెద్ద బండ్లు తిరిగే ప్రతి ఊళ్లోనూ కమాన్ పని చేసే ఉస్తాద్ ఒకరుంటారు.

ఆ ఉస్తాద్ చేసే పని బరువైనదే కాదు, సున్నితమైనది కూడా. ఆరు చక్రాల లారీనే తీసుకుందాం. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, చాసిస్‌ను జాకీతో లేపి, కింద మొద్దులు పెట్టాక యూ బోల్టులు విప్పుతారు. కట్ట కిందికి దిగాక నడుమ ఉన్న సెంటర్ బోల్టు తీస్తే పట్టీలన్నీ విడిపోతాయి. తుప్పు గీకి, ఒక్కొక్క పట్టీని వెలుతురులో తిప్పి చూడాలి. పగుళ్లు ఎక్కువగా నడిమి రంధ్రం దగ్గరే మొదలవుతాయి. వెంట్రుకంత సన్నగా మొదలైన గీత కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత పట్టీని రెండు ముక్కలు చేస్తుంది. తిరిగి కట్టేటప్పుడు పట్టీలను వరసగా పేర్చి, సెంటర్ బోల్టు వేసి, మెయిన్ పట్టీ కంటిలో కొత్త బుష్ దించి, పిన్నుతో ఒక కొసను, షాకిల్‌తో రెండో కొసను చాసిస్‌కు కలపాలి. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది, బండి రోడ్డు మీద ఏటవాలుగా నడుస్తుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి, బ్రేకు వేసినప్పుడు పక్కకు లాగుతుంది. ఆ తర్వాత నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, సమంగా బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తెప్పించి బిగువు చూడాలి.

ఈ చివరి మాటను చాలామంది చాదస్తంగా కొట్టిపారేస్తారు. నిజానికి పట్టీ ప్రాణం ఆ బిగువులోనే ఉంది. ఇరుసును కట్టకు పట్టి ఉంచేది సెంటర్ బోల్టు అనుకుంటారు గానీ, ఆ పని చేసేది యూ బోల్టుల బిగువు. అవి గట్టిగా ఉన్నంతకాలం కట్ట నడుమ భాగం వంగదు, రంధ్రం దగ్గర ఒత్తిడి పడదు. అవి వదులైతే, ఎక్కడ ఉక్కు తక్కువగా ఉందో అక్కడే, అంటే రంధ్రం దగ్గరే, పట్టీ వంగడం మొదలవుతుంది. పాత యూ బోల్టు మర సాగిపోయి ఉంటుంది కాబట్టి, దాన్నే తిరిగి వాడితే పానాకు గట్టిగా తగిలినా పట్టు రాదు. ఉక్కు సంగతీ అంతే. కమాన్ పట్టీకి వాడే ఉక్కును 850 డిగ్రీలకు పైగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో పదును పెడతారు. ఆపైన చిన్న చిన్న ఉక్కు గుళ్లతో పైపొరను కొట్టి, పగుళ్లు పుట్టకుండా గట్టిపరుస్తారు. అలాంటి పట్టీని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచినా, విరిగిన చోట వెల్డింగ్ పెట్టినా ఆ పదును పోతుంది. పైకి కొత్తదానిలా కనిపించినా లోపల అది మామూలు ఇనుపముక్క అయిపోతుంది. బయటి నుంచి చూసి ఈ తేడాను ఎవరూ పట్టలేరు. అందుకే అసలు ఏం చేశారన్నది ఎక్కడో రాసి ఉండాలి.

ఇక, ఎక్కువ బరువు మోయడానికి కంపెనీ ఇచ్చినవాటికి తోడుగా వేయించే అదనపు పట్టీ దగ్గరికి వద్దాం. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఒక్క నాపరాయి బరువు సుమారు 25 కిలోలు. 2018 జూలైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం పది చక్రాల లారీ మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు. బండి సొంత బరువు తీసేస్తే సరుకుకు మిగిలేది 19 టన్నుల చిల్లర, అంటే దాదాపు 750 బండలు. వాటిని లారీ తొట్టి నిండా సమంగా పరిస్తే అడుగున్నర ఎత్తు కూడా దాటవు. పైన తొట్టి ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది. దూదో గడ్డో అయితే తొట్టి నిండేదాకా బరువు పరిమితి గుర్తుకు రాదు. రాయి విషయంలో తొట్టి నిండకముందే పరిమితి దాటిపోతుంది. ఇంకో వంద బండలు వేస్తే కంటికి పెద్ద తేడా తెలియదు, ఇరుసుకు మాత్రం రెండున్నర టన్నులు ఎక్కువ. ఈ అదనపు బరువును కంటికి బయటపెట్టేది కమాను. అది వంగి, తొట్టి వెనక్కి వాలి, లోడు ఎక్కువైందని చెబుతుంది. ఆ మాట వినబడకుండా చేసేదే అదనపు పట్టీ. మరో పట్టీ ఎక్కించగానే బండి నిటారుగా నిలబడుతుంది, చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది.

పట్టీ ఎక్కించడంతో పెరిగింది కమాను మాత్రమే. ఇరుసు పాతదే, హబ్బు బేరింగులు పాతవే, టైర్లు, బ్రేకు లైనర్లు కంపెనీ లెక్క వేసినవే. కొన్ని లారీల్లో లోడ్ సెన్సింగ్ వాల్వ్ అని ఒకటుంటుంది. చాసిస్‌కూ ఇరుసుకూ మధ్య దూరం ఎంత తగ్గిందో చూసి, బండి మీద ఎంత బరువు ఉందో అంచనా వేసి, వెనక చక్రాలకు అంత బ్రేకు అందించడం దాని పని. పట్టీ పెంచితే కమాను తక్కువ వంగుతుంది కాబట్టి, లోడు నిండుగా ఉన్నా తేలిగ్గానే ఉందని ఆ వాల్వ్ పొరబడుతుంది. బరువు ఎక్కువైన రోజునే వెనక బ్రేకు తగ్గుతుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బిర్రబిగిసిన కమాను గుంతల్లో చక్రాన్ని ఎగరేస్తుంది, నేలను వదిలిన చక్రానికి బ్రేకు పనిచేయదు. రోడ్డు లెక్క వేరే ఉంది. ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 దాకా జరిగిన పరీక్షలు తేల్చాయి. ఈ లెక్కన నాలుగు టైర్ల ఇరుసు మీద చట్టం అనుమతించే 11.5 టన్నులకు బదులు 15 టన్నులు పడితే నష్టం దాదాపు మూడు రెట్లవుతుంది. ఆ గుంతలు మళ్లీ కమాన్లనే విరగ్గొడతాయి.

రోడ్డు ప్రమాదాలకు అసలు కారణం వేగం కదా, పట్టీల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, అందులో 70 శాతానికి పైగా మరణాలు అతివేగం వల్లేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. దాన్ని కాదనడం లేదు. కానీ అతివేగం అంటే ఆగాల్సిన దూరంలో ఆగలేకపోవడమే. ఆ దూరాన్ని నిర్ణయించేది డ్రైవరు కాలు ఒక్కటే కాదు, బండి మీది బరువు, బ్రేకు, నేలను పట్టిన చక్రం కూడా. సరైన బరువుతో, సరైన కమానుతో ఆగగలిగిన బండి, అదే వేగంలో అదనపు బరువుతో ఆగలేకపోతే కాగితం మీద మాత్రం వేగమే మిగులుతుంది. 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. దానికి కమానే కారణమని ఇక్కడ అనడం లేదు. కానీ అలాంటి దుర్ఘటన తర్వాత ఆ బండి వెనక భాగం ఏ స్థితిలో ఉండేదో, ఎవరు ఎప్పుడు సరిచేశారో చెప్పే కాగితం ఒకటి ఉండాలని కోరడం తప్పు కాదు. రాత ఉంటే నిర్దోషి నిర్దోషిగా తేలతాడు, దోషి తప్పించుకోలేడు.

ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా అన్నది రెండో అభ్యంతరం. ఉంది. మోటారు వాహనాల చట్టం కింద, ఎనిమిదేళ్లలోపు రవాణా వాహనానికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పత్రం తీసుకోవాలి. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు మారాలని కేంద్రం నిర్ణయించినా, భారీ వాహనాలకు పెట్టిన గడువు 2023 ఏప్రిల్ నుంచి 2024 అక్టోబరుకు జరిగింది. యంత్రాలు వచ్చినా పరీక్ష జరిగేది ఖాళీ బండికి, మహా అయితే ఏడాదిలో ఒక్క రోజు. మిగిలిన 364 రోజుల్లో కమాను ఎన్నిసార్లు విప్పారో ఆ యంత్రానికి తెలియదు. రిజిస్ట్రేషన్ పత్రంలో మొత్తం బరువు, ఇరుసు బరువు రాస్తారు గానీ పట్టీల సంఖ్య రాయరు. కాబట్టి అదనంగా ఒకటి ఉందని అధికారి కంటపడినా, దేనితో పోల్చి తప్పు పట్టాలి? కంపెనీ అమర్చిన పట్టీల సంఖ్య, వాటి మందం రిజిస్ట్రేషన్ పత్రంలో చేర్చడం పెద్ద ఖర్చు కాదు. దాని పక్కన కమాన్ పని చేసిన షెడ్డు ఇచ్చిన చీటీ ఉంటే, ఫిట్‌నెస్ రోజున పోలిక రెండు నిమిషాల పని.

పాతికేళ్లుగా చేతి అంచనాతో బిగిస్తున్నాం, ఏమైందని అడిగే అనుభవజ్ఞులు ఉంటారు. వాళ్ల చేతిని తక్కువ చేయకూడదు. కానీ చేతికి కొలత తోడైతే పోయేదేమీ లేదు. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుకు వెనక ఇరుసు మీద మన లారీల్లాగే కమాన్ పట్టీలే ఉన్నాయి. ఆ కార్ల తయారీ 1980తో ఆగిపోయింది. అయినా వాటిని ప్రేమగా కాపాడుకునేవాళ్లు వెనక భాగాన్ని తిరిగి కట్టేటప్పుడు ప్రతి నట్టుకూ రాసి ఉన్న టార్క్ లెక్క చూస్తారు. రబ్బరు బుష్‌లున్న పిన్నులను కారు చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే పూర్తిగా బిగిస్తారు. గాలిలో వేలాడుతున్నప్పుడే బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. కారు కింద కమాను మనకూ కొత్తదేమీ కాదు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు వెనక అడ్డంగా ఒకే కమాను ఉండేది, దాన్ని దక్షిణాది మెకానిక్కులు దశాబ్దాలపాటు విప్పారు, కట్టారు. ఆదివారం సరదాగా తిప్పే టన్ను బరువు కారుకు అవసరమనుకున్న జాగ్రత్త, రోజూ ఇరవై ఎనిమిది టన్నులతో పదిమంది మధ్య తిరిగే లారీకి అంతకంటే ఎక్కువ అవసరం.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం డబ్బుది. కిరాయిలు తక్కువ, డీజిల్ ఖరీదు, నెలనెలా ఫైనాన్స్ కిస్తీ, తిరుగు ప్రయాణంలో సరుకు దొరకకపోవడం. చట్టబద్ధమైన బరువుతో తిరిగితే గిట్టదని లారీ యజమానులు అంటారు. ఒకే బండి ఉన్న యజమాని విషయంలో ఇది అబద్ధం కాదు. కానీ అందరూ అదనంగా మోస్తున్నారు కాబట్టే టన్నుకు కిరాయి పడిపోయింది. ఒక్కడు నిబంధన పాటిస్తే నష్టపోతాడు, అందరూ పాటిస్తే కిరాయి సర్దుకుంటుంది. అందుకే తూకం రోడ్డు మీద కాదు, సరుకు ఎక్కించే చోట మొదలవాలి. 2019 సవరణ తర్వాత చట్టంలోని 194వ సెక్షన్ అధిక లోడుకు 20 వేల రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2 వేల చొప్పున జరిమానా పెట్టింది. నడిపినవాళ్లకే కాదు, నడిపించినవాళ్లకూ అది వర్తిస్తుంది. క్వారీ, పాలిషింగ్ యూనిట్, సిమెంట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం చీటీ లేకుండా బండి బయటికి రాకూడదు. ఆ పని జరిగితే అదనపు పట్టీ వేయమని మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్లే తగ్గిపోతారు. ఇప్పుడు ఆ మెకానిక్ కాదంటే బేరం పక్క షెడ్డుకు పోతుంది. రాయక తప్పని చీటీ ఉంటే, కాదనడానికి అతనికి ఒక ఆసరా దొరుకుతుంది.

చిన్న షెడ్డు నడిపేవాళ్ల మీద కాగితాల భారం మోపడం, తనిఖీల పేరుతో మరో వసూళ్ల దారి తెరవడం కాదా అన్న భయం న్యాయమైనదే. అందుకే చీటీ పెద్దదిగా ఉండకూడదు. బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు, మార్చిన పట్టీలు, పాతవా కొత్తవా, యూ బోల్టులు మార్చారా లేదా, మళ్లీ బిగించాల్సిన తేదీ, పని చేసినవాళ్ల పేరు. ఈ ఎనిమిది అంశాలు తెలుగులోనో ఉర్దూలోనో రాసి, ఒక కాపీ యజమానికిస్తే చాలు. షెడ్డు మీద తనిఖీ అధికారం ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. చీటీ చూపించాల్సిన బాధ్యత ఫిట్‌నెస్‌కు వచ్చే యజమానిది. ఇది జరగని పని కాదనడానికి సాక్ష్యం దూరం వెళ్లి వెతకనక్కర్లేదు. వికారాబాద్, తాండూరు, పరిగి ఆర్టీసీ డిపోల్లో ప్రతి బస్సుకూ కిలోమీటర్ల లెక్కన మెయింటెనెన్స్ షెడ్యూళ్లు ఉంటాయి, చేసిన పని రికార్డులోకి ఎక్కుతుంది. అదే ఊళ్లో, అదే గుంతల రోడ్డు మీద, అదే తరహా కమానుతో తిరిగే లారీకి ఆ పద్ధతి వర్తించదనడానికి కారణం లేదు.

రాయమన్నప్పుడు, రాసే మనిషికి గౌరవమూ ఇవ్వాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు గానీ మోటారు మెకానిక్ లేడు. కమాన్ పని చేసే ఉస్తాద్ అటు కొలిమికీ ఇటు ఇంజిన్‌కూ నడుమ నిలిచి, ఏ జాబితాలోనూ పడలేదు. చిన్నప్పుడే షెడ్డులో చేరి పని నేర్చినవాళ్లకు ఐటీఐ సర్టిఫికెట్ ఉండదు. వాళ్లకు వచ్చిన పనిని పరీక్షించి పత్రం ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. ఎలక్ట్రిక్ వాహనాలూ రోబోలూ నేర్పే ఆ తరగతుల్లో, వారానికి ఒక సాయంత్రం జిల్లాలోని కమాన్ మెకానిక్కులకు చోటివ్వవచ్చు. టార్క్ రెంచ్ వాడకం, పగులు బయటపడేలా రంగు ద్రవంతో చేసే పరీక్ష, జాకీ కింద ప్రాణం కాపాడుకునే జాగ్రత్తలు నేర్పడానికి పెద్ద సమయం పట్టదు. ఏళ్ల అనుభవం ఉన్న ఉస్తాద్‌ను అక్కడ విద్యార్థిగానే కాక బోధకుడిగానూ కూర్చోబెట్టాలి. పట్టీ మీద సుత్తి వేసి చప్పుడును బట్టి లోపం పట్టే చెవి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

కొత్త లారీల్లో తక్కువ పట్టీల పారాబోలిక్ కమాన్లు, కొన్నిటిలో గాలి సంచులు వస్తున్నాయి, ఇదంతా త్వరలో పాతబడుతుందని కొందరంటారు. కానీ పట్టీలు తగ్గేకొద్దీ ఒక్కొక్క పట్టీ మీద భారం పెరుగుతుంది. పది పట్టీల్లో ఒకటి విరిగితే బండి ఎలాగో ఇల్లు చేరుతుంది. మూడింటిలో ఒకటి విరిగితే పరిస్థితి వేరు. పైగా కొత్త బండ్లు నగరాల మధ్య దూర ప్రయాణాలకు వెళ్తాయి, వయసు మీరినవి క్వారీ దారుల్లో మిగులుతాయి. తాండూరు రాళ్లను మరికొన్నేళ్లు మోసేది ఆ పాత కమాన్లే.

ముఖ్యమంత్రి ప్రాతినిధ్యం వహిస్తున్న కొడంగల్ కూడా ఈ జిల్లాలోనిదే. రవాణా శాఖ, కార్మిక శాఖ, లారీ యజమానుల సంఘాలు, రాయి వ్యాపారులు ఒకచోట కూర్చుంటే ఈ చీటీని ఇక్కడ ఒక ఏడాది అమలు చేసి చూడటం కష్టం కాదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్ల నిధులు అక్కర్లేదు. కావలసింది ఒక పుస్తకం, ఒక టార్క్ రెంచ్, గేటు దగ్గర నిజాయితీగా చూసే ఒక కాంటా. ఆ లోపు లారీ యజమానులు తమంతట తాము చేయగలిగింది ఒకటుంది. ఈసారి కమాన్ పని అయ్యాక, ఏం చేశారో రాసి సంతకం పెట్టి ఇమ్మని ఉస్తాద్‌ను అడగండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆ నట్లను మళ్లీ బిగించడానికి బండిని తప్పకుండా వెనక్కి తీసుకెళ్లండి.